ప్రయాణానికి తేలికపాటి ట్రైపాడ్: ఎత్తు తగ్గించుకోండి, కాళ్ల లావు కాదు

మీరు అడిగింది ఇదీ: ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సార్) మిర్రర్‌లెస్ కెమెరా, 18-135 మి.మీ. జూమ్, 16 మి.మీ. వైడ్ లెన్సు ఉన్నాయి. ప్రయాణాల్లో తెల్లవారుజాము దృశ్యాలు, జలపాతాలు, రాత్రి ఆకాశం తీస్తారు, మధ్యమధ్యలో వీడియో కూడా. ట్రైపాడ్ ఒకటిన్నర కిలో దాటకూడదు, బ్యాగులో పట్టాలి, వంగకుండా నిలబడి తీసేంత ఎత్తు రావాలి, గాలికి కదలకూడదు, వీడియోకీ పనికిరావాలి. మూడు మోడళ్లు చూపించి వీటిలో ఏది అన్నారు. 900 గ్రాముల ఐదు సెక్షన్లది (ఒక్కో కాలు ఒకదానిలో ఒకటి దూరే ఐదు ముక్కలుగా సాగేది) ఒకటి, 1.45 కిలోల కార్బన్ ఫైబర్ నాలుగు సెక్షన్లది ఒకటి, హ్యాండిల్ ఉన్న 'వీడియో హెడ్'తో (హెడ్ అంటే కాళ్ల పైన కెమెరాను బిగించి తిప్పే భాగం) కలిపి అమ్మే 1.8 కిలోల అల్యూమినియంది ఒకటి.

సూటిగా చెప్పాలంటే రెండోది. కానీ ఎందుకో తెలియకపోతే, అది స్టాకులో లేదనో, ఇంకోటి ఆఫర్‌లో ఉందనో చివరి నిమిషంలో మనసు మారిపోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ కోరికల్లో ఒకదానితో ఒకటి పొసగనివి ఉన్నాయి. బరువు తక్కువ ఉండాలి, ఎత్తు రావాలి, కదలకుండా నిలబడాలి. ఈ మూడూ ఒకే ట్రైపాడ్‌లో దొరకడం కష్టం, ఏదో ఒకటి తగ్గించుకోవాలి. చాలా ట్రావెల్ ట్రైపాడ్లలో తగ్గేది మూడోదే. ఎందుకంటే బరువూ ఎత్తూ డబ్బా మీద అంకెల్లో కనిపిస్తాయి, ఊగడం ఎక్కడా కనిపించదు. మీరు మాత్రం ఎత్తు తగ్గించుకోండి. ఎత్తు ఒక్కటి వదులుకుంటే మిగతావన్నీ చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి.

కాళ్ల గొట్టాల సంగతి ముందు చూద్దాం. గొట్టం గోడ మందం అంతే ఉంచి వ్యాసం పెంచితే, వంగకుండా నిలబడే శక్తి వ్యాసానికి ఘనం లెక్కన పెరుగుతుంది. 22 మి.మీ. గొట్టానికి బదులు 28 మి.మీ. గొట్టం వాడితే లావు పెరిగింది పావు వంతు కంటే కాస్త ఎక్కువ, గట్టిదనం మాత్రం దాదాపు రెట్టింపు. పొడవు లెక్క దీనికి సరిగ్గా ఎదురు. ఒక చివర బిగించిన గొట్టాన్ని 20 శాతం పొడవు పెంచితే, అదే బలానికి అది 70 శాతం ఎక్కువ వంగుతుంది. ట్రైపాడ్ కాలు అచ్చంగా అలాంటి గొట్టం కాదు, మధ్యలో జాయింట్లూ లాకులూ ఉంటాయి, కానీ ధోరణి అదే. పొట్టిగా లావుగా ఉన్న కాలుకూ, పొడవుగా సన్నగా ఉన్న కాలుకూ బరువులో తేడా పెద్దగా ఉండకపోవచ్చు, ఫొటోలో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక సెక్షన్లు. ఒక్కో సెక్షన్ పై దాని లోపలికి దూరాలి కాబట్టి, ఒక్కో మెట్టుకూ 3 నుంచి 4 మి.మీ. సన్నబడుతుంది. పైన 25 మి.మీ. ఉన్న నాలుగు సెక్షన్ల కాలు కింద 14-16 మి.మీ. దగ్గర ఆగుతుంది. పైన 22 ఉన్న ఐదు సెక్షన్ల కాలు కిందికి వచ్చేసరికి పెన్సిల్ కంటే కాస్త లావు, అంతే. కెమెరా బరువంతా చివరికి నిలబడేది ఆ పుల్లల మీదే. మీ 900 గ్రాముల మోడల్ సమస్య ఇదే. దాని పూర్తి ఎత్తు 155 సెం.మీ. అని రాశారు గానీ, ఆ ఎత్తులో దాని మీద 135 మి.మీ. దగ్గర జూమ్ చేసి అర సెకను ఫొటో తీయడం దాదాపు అసాధ్యం. చివరి సెక్షన్ లోపలే ఉంచేసి, మధ్య గొట్టం (మూడు కాళ్ల నడుమ నుంచి పైకి లేచేది) దించేసి వాడితే అది బాగానే నిలబడుతుంది. అప్పుడు దాని ఎత్తు మీ నడుము దాకా కూడా రాదు.

ఐదు సెక్షన్లంటే చెడ్డదని కాదు. పై గొట్టం 28 మి.మీ., అంతకు మించి ఉంటే ఐదు సెక్షన్లు పెట్టినా కింది గొట్టం పనికొచ్చే లావులోనే ఉంటుంది, మడిచినప్పుడు ఇంకాస్త పొట్టిగానూ ఉంటుంది. కాకపోతే బరువూ ధరా పెరుగుతాయి. విప్పి మడవడానికి తిప్పాల్సిన లాకులు కూడా పన్నెండు. నాలుగు సెక్షన్లకు తొమ్మిది చాలు. వెలుగు మారిపోతున్న ఐదు నిమిషాల్లో ఈ మూడు లాకుల తేడా కూడా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ఎంత ఎత్తు కావాలో లెక్కేద్దాం. 170 సెం.మీ. మనిషికి కళ్లు సుమారు 158 సెం.మీ. దగ్గర ఉంటాయి. కాళ్ల పైన హెడ్ 9-10 సెం.మీ. తీసుకుంటుంది, కెమెరా అడుగు నుంచి వ్యూఫైండర్ దాకా ఇంకో 7-8 సెం.మీ. అంటే పూర్తిగా కంటి ఎత్తుకు రావాలన్నా మధ్య గొట్టం ఎత్తకుండా 140 సెం.మీ. కాళ్లు సరిపోతాయి. మీ కెమెరాకు మడత స్క్రీన్ ఉంది. దాన్ని పైకి తిప్పి ఛాతీ ఎత్తులో చూసుకుంటూ తీస్తే 115-120 సెం.మీ. చాలు. నిజానికి దృశ్యాల ఫొటోలకు కంటి ఎత్తు కంటే నడుము ఎత్తు, మోకాలి ఎత్తే చాలాసార్లు బాగుంటాయి. ముందున్న రాయో, గడ్డో, నీటి అంచో ఫ్రేములోకి వస్తుంది. అందరూ నిలబడి చూసే ఎత్తు నుంచి తీసిన ఫొటో అందరి ఫొటోలాగే ఉంటుంది.

ఎత్తు నిజంగా అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. పిట్టగోడ మీంచి, రెయిలింగ్ మీంచి తీయాలంటే కావాలి. ఏటవాలులో నిలబడితే పల్లం వైపు కాళ్లు ఎక్కువ సాగాలి కాబట్టి కావాలి. వీడియోలో నిలబడి మాట్లాడే మనిషిని తీయాలంటే కెమెరా ఆ మనిషి కంటి ఎత్తులో ఉండాలి, లేదంటే ముక్కు రంధ్రాలు చూపించినట్టు వస్తుంది. ఈ చివరి పనికి మధ్య గొట్టం ఎత్తినా ఫరవాలేదు. వైడ్ లెన్సుతో తీస్తారు, సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 1/50 షట్టర్ స్పీడ్ ఉంటుంది, చిన్న కంపనం కంటికి ఆనదు. అదే గొట్టం ఎత్తి రాత్రి ఆకాశం తీస్తే మాత్రం మూడు కాళ్ల మీద ఒంటికాలు నిలబెట్టినట్టే.

మధ్య గొట్టం గురించి ఇంకో మాట. ఊడదీయడానికి వీలున్నదీ, లేదా పొట్టి గొట్టం ఇచ్చేదీ చూడండి. పొడవాటి గొట్టం కింద నేలకు తగులుతుంది కాబట్టి కాళ్లు ఎంత వెడల్పుగా పరిచినా ట్రైపాడ్ కిందికి దిగదు. పోలిక కోసం అందరికీ తెలిసిన పీక్ డిజైన్ ట్రావెల్ ట్రైపాడ్ చూడండి. గొట్టం ఎత్తితే 152 సెం.మీ., ఎత్తకపోతే 130 సెం.మీ. మడిస్తే 39 సెం.మీ. అల్యూమినియంది 1.56 కిలోలు, కార్బన్‌ది సుమారు 1.3 కిలోలు. అది కొనమని కాదు. ఏ మోడల్ చూసినా 'గరిష్ఠ ఎత్తు' పక్కన పెట్టి, గొట్టం ఎత్తకుండా ఎంత అన్న రెండో అంకె వెతకండి. అది ఎక్కడా రాయలేదంటే దాచాల్సినంత తక్కువ ఉందనే అనుకోవాలి.

కార్బనా, అల్యూమినియమా? డబ్బులుంటే కార్బనే. గిట్జో కంపెనీ 1994లో మొదటి కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ తెచ్చినప్పటి నుంచి దీని మీద వాదన నడుస్తూనే ఉంది. ఒకే మోడల్‌లో రెండూ దొరికితే కార్బన్‌ది సాధారణంగా 200-300 గ్రాములు తక్కువ ఉంటుంది. కుదుపు తగిలితే త్వరగా స్థిమితపడుతుంది. చలిలో పట్టుకుంటే చేతులు జివ్వుమనవు. అల్యూమినియం దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, కార్బన్ గట్టి దెబ్బకు పగులుతుంది. బడ్జెట్ తక్కువైతే మాత్రం సన్న కాళ్ల కార్బన్ కంటే లావు కాళ్ల అల్యూమినియం ఎప్పుడూ మేలు. 'కార్బన్' అన్న స్టిక్కర్ చూసి మోసపోకండి.

మీరు చూపించిన మూడింట్లోనూ పెద్ద అక్షరాలతో ఉన్నది 'లోడ్ కెపాసిటీ': 8 కిలోలు, 12 కిలోలు, 15 కిలోలు. దీన్ని అసలు పట్టించుకోకండి. ఈ అంకె కొలవడానికి కంపెనీలన్నీ పాటించే ఒకే పద్ధతి లేదు, ఎవరి పరీక్ష వారిది. ఎక్కువగా అది ఎంత బరువు పెడితే లాకులు జారవు, హెడ్ ఒరగదు అన్నది చెబుతుంది. ఎంత ఊగుతుంది, ఊగింది ఎంతసేపటికి ఆగుతుంది అన్నది చెప్పదు. కెమెరా, లెన్సు బరువుకు రెండు మూడు రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. మీ కెమెరా, జూమ్ కలిపి ఒక కిలో అటూ ఇటూ. అంటే మార్కెట్‌లో ఉన్న ప్రతి ట్రైపాడూ పాసే. అందరూ పాసయ్యే పరీక్షతో దేన్నీ ఎంచుకోలేం.

దానికి బదులు చేతికి దొరికినప్పుడు ఈ పరీక్ష చేయండి. మీ కెమెరా, జూమ్ వెంట తీసుకెళ్లండి. కాళ్లన్నీ పూర్తిగా సాగదీసి, గొట్టం దించి, 135 దగ్గర దూరంగా ఉన్న ఏదైనా అక్షరాల బోర్డు మీద ఫోకస్ చేయండి. స్క్రీన్ మీద మాగ్నిఫై చేసి, అక్షరాలు పెద్దగా కనిపిస్తుండగా ఒక కాలును వేలితో తట్టండి. అక్షరాలు వణికి ఎంతసేపటికి ఆగుతాయో చూడండి. ఒక సెకనులోపు కుదురుకుంటే మంచి కాళ్లు. రెండు మూడు సెకన్లు తూలుతూనే ఉంటే వదిలేయండి. తర్వాత కెమెరా తీసేసి, హెడ్ కింది ప్లేటును రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా మెలితిప్పండి. నాసిరకం ట్రైపాడ్లు నిలువుగా బరువు మోస్తాయి గానీ ఈ మెలికకు లొంగిపోతాయి. గాలి చేసేది ఈ పనే. చివరగా పైనుంచి గట్టిగా అదమండి, ఏ లాకూ జారకూడదు.

ఆన్‌లైన్‌లో కొంటున్నా ఇదే పరీక్ష ఇంట్లో చేయొచ్చు, రిటర్న్ గడువు ఉండగానే.

లాకుల విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. తిప్పే లాకులు సన్నగా ఉంటాయి, బ్యాగులో దేనికీ తగులుకోవు, అలవాటైతే మూడింటినీ ఒకే పిడికిట్లో పట్టుకుని ఒక్కసారే వదులు చేయొచ్చు. మీటల లాకులు బిగిశాయో లేదో చూడగానే తెలుస్తుంది, వదులైతే అలెన్ కీతో బిగించుకోవచ్చు. చలికాలం గ్లవ్స్ వేసుకునేవాళ్లకు మీటలు సుఖం. తిప్పే లాకులో ఇసుక పడితే కరకరమంటుంది, అందుకే అవి చేత్తో ఊడదీసి కడుక్కోవడానికి వీలుగా ఉన్నాయో లేదో చూడండి.

ఇప్పుడు హెడ్. మీ ప్రశ్నలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఫొటోకు బాల్ హెడ్ (బంతి మీద ఎటైనా తిరిగేది) ఉత్తమం, వీడియోకు అదే తలనొప్పి.

బాల్ హెడ్ చిన్నది, 300-400 గ్రాముల్లో మంచిది దొరుకుతుంది, ఒక్క మరతో ఎటైనా తిప్పి బిగించొచ్చు. బంతి వ్యాసం 30 మి.మీ. కంటే తక్కువ వద్దు, 36 ఉంటే మీ జూమ్‌కు హాయి. కొనేముందు ఒకటి చూడండి. 135 దగ్గర ఏదో ఒక గుర్తును ఫ్రేము మధ్యలో పెట్టి మర బిగించి చేయి తీసేయండి. గుర్తు కిందికి జారిందా? చాలా చవక హెడ్లలో జారుతుంది. కొద్దిగా జారడం మంచివాటిలోనూ ఉంటుంది గానీ, ప్రతిసారీ ఎంత జారుతుందో ఊహించి ముందే పైకి పెట్టుకునే బతుకు వద్దు.

వీడియోలో ఏమవుతుందంటే, మీరు ఎగుడుదిగుడు నేల మీద కాళ్లు పెట్టి, బంతిని అటూ ఇటూ తిప్పి క్షితిజరేఖ సమంగా ఉండేలా చూసుకుంటారు. ఫ్రేము చక్కగా ఉంది. రికార్డు నొక్కి, హెడ్ అడుగున ఉన్న ప్యాన్ మర వదులు చేసి ఎడమ నుంచి కుడికి తిప్పడం మొదలెడతారు. పావు చుట్టు తిరిగేసరికి సముద్రం ఒక పక్కకు ఒలికిపోతున్నట్టు వంగి ఉంటుంది. సమంగా పెట్టింది బంతి పైనున్న కెమెరాను, తిరుగుతున్నది బంతి కిందున్న భాగం, అది నేలతో పాటు వంకరగానే ఉంది. ప్రతిసారీ మూడు కాళ్లూ సవరించి అడుగు భాగాన్ని సమం చేస్తే ఈ గొడవ ఉండదు గానీ, రోజుకు ఇరవై షాట్లు తీసే ప్రయాణంలో అంత ఓపిక ఎవరికీ ఉండదు.

దీనికి తేలికైన మందు, పైన కెమెరాను పట్టి ఉంచే క్లాంప్ దగ్గర కూడా తిరిగే బాల్ హెడ్. ప్యానింగ్ క్లాంప్ అంటారు. బంతితో ఒకసారి క్లాంపును సమం చేసి బిగించేస్తే, ఆపైన తిరిగేదంతా సమంగానే తిరుగుతుంది. అదనంగా పడే బరువు స్వల్పం. పనోరమాలకు కూడా ఇదే కావాలి. మీ వీడియో అంతా స్థిరమైన షాట్లు, నెమ్మదిగా పక్కకు తిప్పేవి అయితే ఇంతకు మించి అక్కర్లేదు.

పైకీ కిందికీ తిప్పాలన్నా, నడిచే మనిషిని వెంబడించాలన్నా బాల్ హెడ్‌తో కాదు. మర వదిలితే కెమెరా ముందుకు తూలుతుంది, బిగిస్తే కదలదు, మధ్యలో ఉండే ఆ కాస్త బిగువు ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు. దానికి ఫ్లూయిడ్ హెడ్ కావాలి. లోపల చిక్కని గ్రీజు లాంటి ద్రవం ఉండి కదలికను ఒకే వేగంతో సాగనిస్తుంది. ప్రయాణాలకు సరిపోయే చిన్న రకాలు సుమారు 500-800 గ్రాముల్లో వస్తున్నాయి. అయితే ఫ్లూయిడ్ హెడ్ పక్కకు వాలదు కాబట్టి దాని అడుగు సమంగా ఉండి తీరాలి. కాళ్లకూ హెడ్‌కూ మధ్య లెవెలింగ్ బేస్ పెడితే పని సులువు, కానీ ఇంకో 200-300 గ్రాములు. మొత్తం లెక్క రెండు కిలోలు దాటుతుంది. వీడియో మీ ప్రధాన పని అయితే ఆ రెండు కిలోలకు సిద్ధపడండి. కాకపోతే వద్దు.

మీ మూడో మోడల్ ఈ రెండిటిలో ఏదీ కాదు. 'వీడియో హెడ్' అని రాసి ఉన్నా అందులో ద్రవం ఉన్నట్టు ఎక్కడా లేదు. రెండు ప్లాస్టిక్ ముక్కల రాపిడి మీద నడిచే హెడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. చేతికి దొరికితే ఇలా పట్టేయొచ్చు. జూమ్ పెట్టి హ్యాండిల్‌తో మెల్లగా తిప్పుతూ ఆపి, హ్యాండిల్ వదిలేయండి. ఫ్రేము వెనక్కి ఎగిరినట్టు చిన్నగా తన్నుకొస్తే అది రాపిడి హెడ్. కదలడం మొదలయ్యే చోట కూడా ఒక జర్కు ఉంటుంది. దానికి తోడు ఆ మోడల్ కాళ్లను మధ్యలో పుల్లలతో కలిపేశారు. చదునైన గచ్చు మీద బాగుంటుంది గానీ, రాళ్ల మధ్య ఒక కాలు దగ్గరగా, ఇంకోటి దూరంగా పెట్టడం కుదరదు. నేలకు దించడమూ కుదరదు. జలపాతం దగ్గర అలాంటిది దండగ.

ఏది కొన్నా హెడ్ విడిగా ఊడి రావాలి. కాళ్లకూ హెడ్‌కూ మధ్య 3/8 అంగుళం మర, హెడ్‌కూ కెమెరాకూ మధ్య 1/4 అంగుళం మర అన్నది ప్రపంచమంతా ఒకటే కొలత. హెడ్ ఊడేదైతే ఈ రోజు బాల్ హెడ్ పెట్టుకుని, రేపు వీడియో పెరిగితే ఫ్లూయిడ్ హెడ్ కొనుక్కుని అవే కాళ్ల మీద బిగించొచ్చు. కొన్ని ట్రావెల్ మోడళ్లలో హెడ్ కాళ్లలోనే కలిసిపోయి ఉంటుంది. పొందికగా ఉంటుంది కానీ మార్చాలంటే అదనపు అడాప్టర్ కావాలి. కొన్నిటికి అదీ ఉండదు.

కెమెరా అడుగున బిగించే ప్లేటు ఆర్కా-స్విస్ రకమే తీసుకోండి. దాదాపు 38 మి.మీ. వెడల్పు, పక్కలు ఏటవాలుగా కోసినవి. చాలా కంపెనీల క్లాంపుల్లో అది పడుతుంది. ఒక కంపెనీ సొంత ఆకారం ప్లేటు పోగొట్టుకుంటే ప్రయాణం మధ్యలో ట్రైపాడ్ మోత బరువు తప్ప దేనికీ పనికిరాదు. మీటతో బిగించే క్లాంపులు కొన్ని కంపెనీల ప్లేట్లకు కాస్త వదులుగా ఉంటాయి, మరతో బిగించేవి దేన్నైనా పట్టుకుంటాయి. ప్లేటు బిగించే అలెన్ కీ బ్యాగులో ఒక మూలన పడేసి ఉంచండి.

విమానం సంగతి కూడా అడిగారు. మడిచినప్పుడు 40-45 సెం.మీ. ఉంటే క్యాబిన్ పెట్టెలో నిలువుగానో ఐమూలగానో పడుతుంది. చాలా విమాన సంస్థల పరిమితి 55 సెం.మీ. చుట్టుపక్కల ఉంటుంది. అసలు ఇబ్బంది బరువుతో వస్తుంది. క్యాబిన్‌కు 7 కిలోలే ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి, అందులో ట్రైపాడ్ ఒకటిన్నర అంటే ఐదో వంతు పోయినట్టే. సెక్యూరిటీలో కొన్ని చోట్ల ఏమీ అనరు, కొన్ని చోట్ల ఆపి చూస్తారు, నిర్ణయం అక్కడున్నవారిది. కాళ్ల చివర ఇనుప ముళ్లు ఉంటే తీసి చెక్-ఇన్‌లో వేయండి. ట్రైపాడ్ మొత్తాన్ని చెక్-ఇన్‌లో వేస్తే హెడ్ ఊడదీసి బట్టల మధ్య చుట్టండి, విరిగేవి దాని మరలే.

వెళ్లాక కూడా మ్యూజియాల్లో, పాత కట్టడాల్లో, ఎత్తైన వ్యూయింగ్ డెక్కుల మీద ట్రైపాడ్ రానివ్వని చోట్లు బోలెడు. అలాంటి రోజు గదిలో వదిలేసి వెళ్లండి. మీ కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ (చేతి కుదుపును సరిచేసే ఏర్పాటు) ఉంటే వైడ్ లెన్సుతో చేత్తోనే 1/4 సెకను, ఊపిరి బిగబట్టి గోడకు ఆనుకుంటే అంతకంటే ఎక్కువ కూడా లాగొచ్చు. అరచేతిలో పట్టే టేబుల్ ట్రైపాడ్ ఒకటి జేబులో ఉంటే రాత్రి వీధులకు చాలావరకు సరిపోతుంది. ట్రైపాడ్ లేనిదే కుదరనివి మీ జాబితాలో మూడే: రాత్రి ఆకాశం, జలపాతం, మీరు మీరే ఫ్రేములో ఉండే వీడియో. టైమ్‌ల్యాప్స్ మొదలుపెడితే అదీ నాలుగోది.

రాత్రి ఆకాశానికి మీ 16 మి.మీ. లెన్సుతో సుమారు 20 సెకన్ల దాకా నక్షత్రాలు చుక్కల్లాగే ఉంటాయి (లెన్సు ఫోకల్ లెంగ్త్ 16ను ఏపీఎస్-సీ సెన్సార్ లెక్క 1.5తో గుణించి, దానితో 500ను భాగించే పాత లెక్క, ఎక్కువ మెగాపిక్సెల్ కెమెరాలో ఇంకాస్త తగ్గించాలి). ఆ 20 సెకన్లలో వచ్చే ఒక్క గాలి విసురు ఫొటోను పాడు చేయొచ్చు. గాలి ఉన్నప్పుడు మొదట గొట్టం దించండి, తర్వాత సన్న సెక్షన్లు లోపలికి తోయండి, కాళ్లు ఒక మెట్టు వెడల్పుగా పరచండి. కెమెరా పట్టీ ఊడదీయండి. అది జెండాలా కొట్టుకుంటూ కెమెరాను కదిలిస్తుంది, చాలామంది దీన్ని గమనించరు. లెన్స్ హుడ్ కూడా తీసేయండి. గొట్టం కింద కొక్కేనికి బ్యాగు తగిలిస్తే బరువు పెరిగి మంచిదే, కానీ అది గాల్లో ఊగితే లాభం కంటే నష్టమే ఎక్కువ. బ్యాగు అడుగు నేలకు ఆనేంత కిందికి వేలాడదీయండి.

జలపాతానికి షట్టర్ 1/4 నుంచి ఒక సెకను మధ్య ఉంటుంది, కంపనాలకు బాగా దొరికిపోయేది ఈ మధ్యలోనే. వేలితో బటన్ నొక్కకుండా 2 సెకన్ల టైమర్ పెట్టండి, హెడ్ ఇంకా ఊగుతున్నట్టుంటే 5 సెకన్లు. షట్టర్ కుదుపును తగ్గించే ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ సెట్టింగ్ ఆన్ చేయండి. పారే నీళ్లలో కాలు పెడితే ఆ ఒరవడి గొట్టం ద్వారా కెమెరా దాకా వస్తుంది, వీలైతే రాయి మీద పెట్టండి. తప్పనిసరిగా నీళ్లలోనో ఇసుకలోనో పెట్టాల్సి వస్తే కింది సెక్షన్ ముందు సాగదీయండి, లాకు తడవకుండా పైన ఉంటుంది. మామూలు నేల మీద దీనికి వ్యతిరేకం: పై లావు సెక్షన్లు ముందు, సన్నవి ఆఖరున. ఏటవాలులో రెండు కాళ్లు పల్లం వైపు, ఒకటి ఎత్తు వైపు. సమనేల మీద ఒక కాలు లెన్సు చూసే దిక్కుకే ఉంటే బరువు ముందుకు మొగ్గినా ట్రైపాడ్ ఒరగదు.

వీడియోలో ప్యాన్ చేసేటప్పుడు స్టెబిలైజేషన్ ఆపేయండి. అది మీ కదలికను కుదుపనుకుని పట్టి ఆపి, చివర్లో ఒక్కసారిగా వదులుతుంది. ఫ్రేము ఒక అంచున ఉన్న వస్తువు రెండో అంచు చేరడానికి 7 సెకన్లు పట్టేంత నెమ్మదిగా తిప్పాలన్నది సినిమా కెమెరామన్ల పాత లెక్క, 24-25 ఫ్రేముల వీడియోకు ఇప్పటికీ అదే సరి. అంతకంటే వేగంగా తిప్పితే నిలువు గీతలన్నీ దడదడలాడతాయి. చేత్తో అంత నిదానం కష్టమనిపిస్తే హ్యాండిల్‌కు ఒక రబ్బరు బ్యాండు తగిలించి, బ్యాండును లాగండి. చేతి వణుకు బ్యాండులోనే ఆగిపోతుంది.

మళ్లీ మీ రెండో మోడల్‌కు వస్తే, పై గొట్టం 25 మి.మీ., నాలుగు సెక్షన్లు, గొట్టం ఎత్తకుండా 127 సెం.మీ., మడిస్తే 44 సెం.మీ. మీ పనికి ఇవి సరైన అంకెలు. దాంతో వచ్చే బాల్ హెడ్ అడుగున మాత్రమే తిరుగుతుంది, పైన తిరగదు. విక్రేత కాళ్లు విడిగా ఇస్తే కాళ్లు మాత్రమే తీసుకుని, ప్యానింగ్ క్లాంప్ ఉన్న 36 మి.మీ. బాల్ హెడ్ వేరే కొనండి. ఇవ్వకపోతే మొత్తం తీసుకుని, ముందు ఆ హెడ్‌తోనే వాడండి, వీడియోలో ఇబ్బంది అనిపించినప్పుడు దాని పైన విడిగా దొరికే ప్యానింగ్ క్లాంప్ బిగించుకోవచ్చు. బాక్సు రాగానే కాళ్ల కోణం మార్చే పైన మూడు జాయింట్ల బోల్టులు చూసుకోండి. కొత్తవాటిలో ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా రావడం మామూలే. కాలును అడ్డంగా ఎత్తి వదిలితే అక్కడే ఆగాలి, టపీమని పడిపోకూడదు. పడుతుంటే అలెన్ కీతో పావు చుట్టు బిగిస్తే సరిపోతుంది. సముద్రం దగ్గర వాడిన రోజు రాత్రి కింది సెక్షన్లు ఊడదీసి మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ బిగించండి.